చెల్లెలు గీసిన కప్పు

రోటర్‌డామ్,
ఏప్రిల్ 5, 2025.

మహేశ్వరి వదినకు,

ఈ ఉదయం సంతలో చేపల బండి ముందు నలుగురు మనుషులు వరుసగా నిలబడి ఉన్నారు. ఐదోది కొంగ. బూడిదరంగు కొంగ, నా నడుమంత ఎత్తుంది. తన వంతు వచ్చేదాకా కదల్లేదు. చేపలమ్మే ఆయన దానికొక చేపతల పడేశాడు. అది నోట కరుచుకుని, వెనకవాళ్ళకు దారి ఇస్తున్నట్టు పక్కకు తప్పుకుంది. ఇది నీకు చెప్పాలనిపించింది.

మొన్న ఫోన్‌లో నువ్వు చాలాసేపు మాట్లాడావు. నేను ఊఁ కొట్టాను. పెట్టేసే ముందు, "మీ అన్నకి గల్ఫ్ వీసా వచ్చింది, నీ మ్యూజియం పనికేనంట, ఇక నువ్వే చూసుకోవాల" అన్నావు. దానికీ ఊఁ అన్నాను. ఆ ఊఁ గురించే ఈ ఉత్తరం. నాకు నోటితో చెప్పడం రాదని నీకు కాన్వెంట్ రోజుల నుంచీ తెలుసు. లెక్కల సిస్టర్ నన్ను లేపితే, జవాబు నీ చెవిలో చెప్పి నీ చేత చెప్పించేదాన్ని. అప్పుడు నువ్వు ఉత్త మహేశ్వరివి. మా పెదనాన్న కొడుకును చేసుకుని వదినవయ్యావు, ఇక నీ చెవి దొరకడం లేదు.

నేను పనిచేసేది ఇక్కడ, ఆఫీసులో. మేము మ్యూజియం ప్లాను గీస్తాం. గల్ఫ్‌లో దాన్ని కట్టేది వేరే కంపెనీ. పనివాళ్ళను తెచ్చేది ఇంకో కంపెనీ. ఇది నువ్వు గుర్తు పెట్టుకోవాలి.

పెద్దమ్మ వీధిలో అందరికీ "మా వాసంతి విమానాశ్రయం కట్టింది" అని చెబుతోందట. ఆ విమానాశ్రయంలో నేను గీసినవి మరుగుదొడ్ల తలుపులు. తర్వాత ఇంకో దేశంలో ఒక సంగీతశాలకు మెట్ల పక్కన కటకటాలు గీశాను. ఏడాదంతా కటకటాలే. ఈ మ్యూజియం కప్పు ఒక్కటే పూర్తిగా నా చేతికి వచ్చింది. అది కప్పులా ఉండదు, ఇసుకలోంచి లేచిన గుట్టలా ఉంటుంది. దాని మీదంతా అరచేయంత రాతిపలకలు. ఒకటి ఇంకోదానిలా ఉండదు. ఎక్కడా అతుకు గీత కనబడకూడదు, అందుకని ఒక్కొక్కటీ చేత్తో పరచాలి. మా ఆఫీసు పెద్దాయన నేను చేసిన నమూనా చుట్టూ తిరిగి, "ఇది ఎవరిది?" అని అడిగాడు. నేను చెయ్యెత్తాను.

కోటన్నయ్య అక్కడికి వెళ్తున్నాడంటే నాకు సంతోషంగానే ఉంది. జాగ్రత్తగా వెళ్ళమను.

నీ
వాసంతి

*

రెంటచింతల,
ఏప్రిల్ 21.

ఏమే వాసంతీ,

కొంగ గురించి అంత రాశావు, మీ అన్న గురించి ఒక ముక్క. నీ ఉత్తరం అత్తకి చదివి వినిపిచ్చా. మరుగుదొడ్ల తలుపుల కాడ ఆపి, "ఆ ముక్క వదిలేసి చదవ్వే, పక్కింటోళ్ళు ఇంటారు" అంది. పెద్దమ్మకి నువ్వు రాసిన పరువు ఇదీ!

మీ అన్న చేరాడు. ఎళ్ళక తప్పలేదులే. ఈడ అందరూ టైల్సు ఏసుకుంటన్నారు, నాపరాయి అడిగేవాళ్ళు లేరు. గురజాల నుంచి మాచర్ల దాకా ఎన్ని ఇళ్ళల్లో బండలు పరిచిన చేతులో, పోయిన ఏడంతా ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు మనిషి. నువ్వు గీసిన కప్పు అని తెలిసినాక మాత్రం కొత్త పెళ్ళికొడుకు లెక్కన ఎళ్ళాడు.

ఆడ ఏమైందో ఇను. మొదటి రోజు ఫోర్‌మాన్ అందర్నీ నిలబెట్టి, ఎండకి ఓర్చుకునేవాళ్ళు ఎవరని అడిగాడంట. మన మహానుభావుడు ఊరుకుంటాడా? "మాది రెంటచింతల. రాష్ట్రంలో ఎండ ముందు మా ఊళ్ళో దిగి, తర్వాత మిగతా ఊళ్ళకి పోతది" అన్నాడంట. ఆయనతో గదిలో ఉండే మాచర్ల ఫరీద్ అది హిందీలో చెప్పాడంట. ఇంకేముంది, తీసుకెళ్ళి కప్పు మీద కూచోబెట్టారు. నీ కప్పే! రాతిపలకలు పరుస్తన్నాడు. "మా చెల్లెలు గీసింది" అని అందరికీ చెప్పుకుంటన్నాడంట, ఎవురూ నమ్మట్లేదంట.

ఇదిగో, సంగతికి వస్తున్నా. లోపల ఏసీ హాళ్ళల్లో గూడా రాతిపని ఉందంట గదా. ఒక మాట చెప్పి లోపలికి మార్పిచ్చు. గీసేవాళ్ళు వేరే, కట్టేవాళ్ళు వేరే అని రాశావు. నాకు తెలీదా ఏంది? ఈడ రెండు గదుల ఇల్లు కట్టినా, ప్లాను గీసిన ఇంజినీరు బండి దిగితే మేస్త్రీ బీడీ పారేసి లేచి నిలబడతాడు. అంత పెద్ద కప్పు గీసినదానివి, నీ మాట ఇనరా? ఆడికి ఎళ్ళినప్పుడు ఒకసారి మీ అన్నకి కనబడు చాలు. మిగతాది వాళ్ళే చూసి నేర్చుకుంటారు.

శాంతి పాఠం రాసుకునే కాయితం చింపి రాస్తన్నా, పిల్ల ఏడుపు లంకించుకుంది. ఉంటా.

మహేశ్వరి

*

రోటర్‌డామ్,
మే 4.

వదినకు,

అన్నయ్య కప్పు మీద మోకాళ్ళ మీద కూర్చున్న ఫొటో పంపావు. పెద్దది చేసి చూశాను. ముందు రాళ్ళ మధ్య సందు చూశాను. అన్నయ్యను తర్వాత చూశాను. సందు ఎక్కడా కనబడలేదు. కాగితం మీద నేను గీసినదానికన్నా బాగుంది. ఆఫీసులో ఆ ఫొటో నా బల్ల దగ్గర అంటించుకున్నాను. పక్కన కూర్చునే ఆమె, "ఎంత బాగా పరిచారో" అంది. అది మా అన్నయ్య చెయ్యి అని చెప్పాలనుకున్నాను. అప్పటికే ఆమె వెళ్ళిపోయింది.

నువ్వు చెప్పిన విషయం మా టీము లీడరును అడిగాను. ఒక పనివాడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చమనే అధికారం మనకు లేదు, అడిగితే తప్పుగా ఉంటుంది అన్నాడు. మళ్ళీ అడుగుతాను. వేరే ఎవరినైనా అడగవచ్చేమో చూస్తాను.

కానీ నువ్వు మరీ భయపడకు. అక్కడ వేసవిలో మధ్యాహ్నం వేళ ఆరుబయట పని చేయించకూడదని నిబంధన ఉంది. మా కాగితాల్లో రాసి ఉంది, నేను చదివాను. ఆ ఎండ మన ఎండ లాంటిది కాదు. గాలిలో సముద్రపు తేమ ఉంటుంది, చెమట ఆరదు. అన్నయ్యను గొప్పలు చెప్పవద్దను. నీళ్ళు తాగమను.

ఇక్కడ చెట్లన్నీ ఒక్కసారిగా పూశాయి. దారంతా తెల్లటి రేకులు. ఊడ్చే మనిషి వాటిని తిట్టుకుంటూ ఊడుస్తున్నాడు.

వాసంతి

*

రెంటచింతల,
మే 18.

వాసంతీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు అత్త వీధంతా తిరిగి వచ్చింది. "మా వాసంతి చెప్పి గల్ఫ్‌లో మధ్యాన్నం పని ఆపిచ్చింది" అని. కోటప్పకొండకి ఎళ్ళి కొబ్బరికాయ గూడా కొట్టింది, నీ పేరు మీద. నాకూ గుండె మీద బరువు దిగినట్టయింది. నువ్వు పైకి చెప్పవుగానీ, చేసే పని చేస్తావు.

ఇప్పుడు చెప్పేది అత్తకి తెలీదు. నాలుగు రోజుల నాడు మీ అన్న ఫోన్ చేశాడు. మాట నీరసంగా ఉంది. తల తిరుగుతుందంట. కాళ్ళల్లో పిక్కలు పట్టేస్తన్నయ్యంట. మూత్రం డికాషన్ లెక్కన వస్తుందంట. "వచ్చేస్తానే మహేశ్వరీ" అన్నాడు. నేను నవ్వులాటకి తీసుకున్నా. "రెంటచింతలోడివి, ఎండకి పారిపోయి వచ్చావంటే ఊళ్ళో ఏ ముఖం పెట్టుకుంటావు? నీ చెల్లెలు మధ్యాన్నం పని ఆపిచ్చింది గదా, ఇంకేంది నీ బాధ? ఇంకో నెల ఓర్చుకో, లోపలికి మార్పిస్తది" అన్నా.

ఆయన, "మధ్యాన్నం ఎవురూ ఆపలేదే. నిన్న గూడా చేశాం. సరేలే, చెల్లెలి మాట ఇంకా ఆడిదాకా రాలేదేమో" అన్నాడు. పెట్టేశాడు.

అప్పటి నుంచీ నాకు అన్నం దిగట్లేదు. నువ్వు చెప్పినా వాళ్ళు ఇనలేదా? లేకపోతే నువ్వు చెప్పనే లేదా? నిబంధన ఉందని నువ్వే గదా రాశావు. ఇదేంది మరి?

ఇది ఫొటో తీసి ఫోన్‌లో పంపుతన్నా, నువ్వూ అట్టాగే ఎమ్మటే రాయి.

మహేశ్వరి

*

రోటర్‌డామ్,
మే 19.

వదినా,

ఆ నిబంధన జూన్ నడుమ నుంచి మొదలవుతుంది. మే నెలకు లేదు. నేను చదివాను, తేదీ కూడా చదివాను. నీకు రాసేటప్పుడు తేదీ రాయలేదు. నేను చెప్పి ఆపించింది ఏమీ లేదు. పెద్దమ్మకు ఆ మాట చెప్పు.

అన్నయ్యను వెంటనే కిందకు దిగమను. మూత్రం రంగు మారడం మంచిది కాదు. డాక్టరు దగ్గరకు వెళ్ళమను. ఊళ్ళో ముఖం సంగతి తర్వాత. ఇది చదవగానే ఫోన్ చెయ్యి. నేను కూడా అన్నయ్యకు చేస్తున్నాను, ఎత్తడం లేదు.

కప్పు ఇంకోలా గీస్తున్నాను. నీడలో, షెడ్డులో, రాళ్ళను పెద్ద పెద్ద పలకలుగా అతికించి, క్రేనుతో పైకి ఎత్తి దించవచ్చు. అప్పుడు ఎవరూ ఎండలో కూర్చుని పరచక్కరలేదు. పలకకూ పలకకూ మధ్య గీత కనబడుతుంది. కనబడనీ.

వాసంతి

*

రెంటచింతల,
జూన్ 2.

వాసంతికి,

మీ అన్న పడిపోయాడు. పోయిన మంగళవారం, నీ కప్పు మీద. మాచర్ల ఫరీద్ భుజాన ఏసుకుని కిందకి దించాడంట. ఆసుపత్రిలో ఉన్నాడు. కిడ్నీలు దెబ్బతిన్నయ్యంట. మిషను మీద రక్తం శుద్ధి చేస్తన్నారంట. "అక్కా, ఏడవమాక, మాట్లాడతన్నాడు" అని ఫరీద్ రోజూ ఫోన్ చేస్తన్నాడు. ఏడవొద్దని చెప్పి తనే ఏడుస్తాడు.

నీ ఉత్తరం రాగానే ఆయనకి ఫోన్ కలిపి మొత్తం చదివి వినిపిచ్చా. దిగిపో, చెల్లెలే రాసింది అన్నా. ఆయన ఏమన్నాడో తెలుసా?

"దిగుతాలేవే. మంగళవారం రోటర్‌డామ్ నుంచి ఆఫీసోళ్ళు వస్తన్నారంట. చెల్లెలు రాకుండా ఉంటదా? నేను పైన రాయి పరుస్తుంటే అది చూడాల. చూసి పోయినాక పడకేస్తా."

"వస్తానని ఆమె రాయలేదు" అన్నా.

"అది ఏది చెప్పింది కనక, చిన్నప్పటి నుంచీ" అని నవ్వాడు.

తర్వాతది ఫరీద్ చెప్పాడు. మంగళవారం పొద్దున్నుంచీ మీ అన్న కొత్త చొక్కా ఏసుకుని పైన కూచున్నాడంట. నీడకి రమ్మంటే రాలేదంట, చెల్లెలు వచ్చే టైము అంటాడంట. మధ్యాన్నం తెల్ల హెల్మెట్లు పెట్టుకుని కొందరు కార్లు దిగారంట. మధ్యలో ఒక ఆడమనిషి, మన రంగే, పొట్టిగా, కళ్ళద్దాలు. మీ అన్న లేచి చెయ్యూపాడంట. "చెల్లే!" అని కేకేశాడంట. ఆమె కప్పు వంక చూసి, నీళ్ళు తాగి, కారెక్కి పోయిందంట. పక్కనోళ్ళు, "ఏం కోటేశ్వర్, మీ చెల్లికి చెముడా?" అని నవ్వారంట. ఈయన మళ్ళా వంగి రాయి అందుకున్నాడంట. ఇంకాసేపటికి పడ్డాడు.

నీకు చెప్పొద్దన్నాడు. "దాని ఉద్యోగానికి చెడ్డపేరు వస్తది, దానికి నలుగురిలో పలకరించడం గూడా చేతగాదు, ఏమనుకోమాక" అన్నాడు. మిషను మీద పడుకుని నిన్ను ఎనకేసుకొస్తన్నాడు. నేను ఎనకేసుకురాను. పోపొమ్మని తోలింది నేను, ఓర్చుకోమని తిట్టింది నేను. ఆ పాపం నాది, నేను మోస్తా. నీది నువ్వు చెప్పు.

అత్త మూడు రోజుల నుంచీ గుమ్మం దిగలేదు. నీ పేరు ఎత్తట్లేదు.

ఒకటే అడుగుతన్నా, ఊఁ అనమాక. తలతిప్పుకుని కారెక్కింది నువ్వేనా?

మహేశ్వరి

*

రోటర్‌డామ్,
జూన్ 7.

వదినా,

నీ ప్రశ్నకు చివర్లో జవాబు రాస్తాను. ముందే రాస్తే మిగిలింది నువ్వు చదవవు.

ఫరీద్ నంబరు పెద్దమ్మ ఇచ్చింది. నేను అడిగితే అంకెలు మాత్రం చదివి పెట్టేసింది. ఫరీద్‌తో మాట్లాడాను. వరుసగా మూడు రోజులు మాట్లాడాను, నోటితోనే. అన్నయ్య కిడ్నీలు కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు, ఇంకొన్ని వారాలు చూడాలి అని డాక్టరు అన్నాడట. ప్రయాణానికి పనికొస్తాడని కంపెనీవాళ్ళు పన్నెండో తేదీ విమానంలో హైదరాబాద్ పంపుతున్నారు. ఎండదెబ్బ అని కాకుండా "జ్వరం" అని రాసి పంపుతున్నారు. అది నేను ఒప్పుకోలేదు. ఆసుపత్రి నుంచి అసలు రిపోర్టు ఫరీద్ చేత తెప్పించాను. దాన్ని జాగ్రత్తగా ఉంచాను.

కొత్త కప్పు బొమ్మ బుధవారం మీటింగులో పెట్టాను. పెద్దాయన గల్ఫ్ నుంచి వచ్చాక మొదటి మీటింగు అది. ఆయన అక్కడ తీసిన ఫొటోలు గోడ మీద వేశారు. కప్పు మీద నారింజ చొక్కాల మనుషులు చుక్కల్లా ఉన్నారు. చెయ్యెత్తిన చుక్క ఉందేమోనని వెతికాను. లేదు. అందరూ వంగి ఉన్నారు.

నా బొమ్మ చూసి పెద్దాయన, "గీత కనబడుతుంది" అన్నాడు.

"కనబడుతుంది" అన్నాను.

"ఆ గీత లేకుండా చేయడానికే కదా నువ్వు రెండేళ్ళు కష్టపడ్డావు?"

"మా అన్నయ్య దాని మీద పడిపోయాడు" అన్నాను.

అందరూ నా వైపు చూశారు. ఈ ఆఫీసులో నా గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు, నేను కూడా. ఎవరో, చాలా విచారకరం అన్నారు. ఇంకెవరో, ఈ పద్ధతిలో పని ఎంత ముందుగా పూర్తవుతుంది అని అడిగారు. చెప్పాను. దాంతో ఒప్పుకున్నారు. త్వరగా అవుతుందని ఒప్పుకున్నారు, మనిషి పడ్డాడని కాదు. నువ్వు ఇది పెద్దమ్మకు నా గెలుపులా చెప్పవద్దు.

ఇప్పటికి పరిచిన భాగం అలాగే ఉంటుంది. మిగతాది షెడ్డులో చేస్తారు. షెడ్డు పనికి సగం మంది చాలట, మిగిలినవాళ్ళను ఇళ్ళకు పంపేస్తారట. ఫరీద్ ఏ సగంలో ఉన్నాడో ఇంకా తెలియదు. ఫోన్‌లో, "అక్కా, నీడ ఇప్పిచ్చావు, పని తీసేశావు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆ కప్పు ఇక నా దగ్గర లేదు. సొంతవాళ్ళు పనిచేసే చోట నిర్ణయాలు నేను తీసుకోకూడదని, నన్ను ఇంకో దేశంలో కట్టే ఆసుపత్రికి మార్చారు. కార్లు నిలిపే అంతస్తు గీస్తున్నాను.

పన్నెండో తేదీన నేనూ హైదరాబాదులో దిగుతాను. సెలవు అడగలేదు, వస్తున్నానని చెప్పాను. అన్నయ్యను ఏ ఆసుపత్రిలో చేర్చాలో కనుక్కున్నాను, వాళ్ళతో మాట్లాడాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా పక్కన నిలబడనివ్వు. పాపం నీది అని రాశావు. ఓర్చుకోమని నువ్వు అన్నది నా ఉత్తరం చదివి. ఆ మాట నీ ఒక్కదానిది కాదు.

ఇక నీ ప్రశ్న. ఆ రోజు కారెక్కినామె మా ఆఫీసులో గాజు పని చూసే అమ్మాయి. శ్రీలంక అమ్మాయి, తెలుగు రాదు. మొన్న తనని అడిగాను. పైనుంచి ఎవరో కేక వేయడం విన్నదట. పనివాళ్ళు ఒకరినొకరు పిలుచుకుంటున్నారు అనుకుందట.

అన్నయ్య పిలిచినప్పుడు నేను ఇక్కడ నా బల్ల దగ్గర ఉన్నాను. కప్పు గీయడానికి అక్కడికి వెళ్ళాల్సిన అవసరం లేదన్నారు. కొలతలు, గాలి, ఎండ, అన్నీ కంప్యూటరులో ఉంటాయి. నువ్వు మొదటి ఉత్తరంలోనే నేను అక్కడికి వెళ్ళి వస్తున్నట్టు రాశావు. నేను కాదని రాయలేదు.

వదినా, ఆ ఊరు నేను ఇంతవరకూ చూడలేదు.

వాసంతి